చిన్న ద్వీప దేశంలో పాదరసం లెక్క తీయడం, తగ్గించడం ఎలా: మారిషస్‌ని ముందు పెట్టుకుని

మారిషస్, సీషెల్స్, మాల్దీవులు, ఫిజీ లాంటి చోట్ల హాస్పిటళ్లలో, స్కూళ్లలో, ల్యాబుల్లో పనిచేసే మనవాళ్లు ఉన్నారు, మారిషస్‌లో అయితే కోరంగి రేవు నుంచి చెరుకు తోటలకి ఓడెక్కి వెళ్లిన తరాల పిల్లలే ఉన్నారు, అక్కడ ఉగాదికి సర్కారు సెలవు కూడా. వాళ్లలో ఎవరికైనా "మన దేశంలో మెర్క్యురీ ఎంతుందో చూసి తగ్గించే ప్లాన్ ఇవ్వండి" అని పై నుంచి పని పడితే ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది వదిలేయాలి అన్నది ఇక్కడ రాస్తున్నా. ఉదాహరణలు ఎక్కువగా మారిషస్‌వే, చేపల దగ్గరికి వచ్చేసరికి సీషెల్స్.

ముందే ఒకటి అర్థం చేసుకోవాలి, లేకపోతే తర్వాత చేసే సర్వేలన్నీ దండగ. ద్వీప దేశంలో పాదరసానికి రెండు ఖాతాలు ఉంటాయి. ఒకటి మనం ఓడలో దింపుకున్నది: థర్మామీటర్లు, బీపీ మిషన్లు, ట్యూబ్‌లైట్లు, పళ్ల ఫిల్లింగులు, తెల్లబడే క్రీములు, బొగ్గు. రెండోది ఎవరో ఎక్కడో వదిలితే గాలిలో తిరిగి తిరిగి సముద్రంలో పడి చేపలోకి ఎక్కి మన కంచంలోకి వచ్చేది. 2015 లెక్కలో ప్రపంచం మొత్తం మనుషులు గాలిలోకి వదిలింది దాదాపు 2,220 టన్నులు, అందులో 38 శాతం చిన్న బంగారు గనుల నుంచి, 21 శాతం బొగ్గు కాల్చడం నుంచి. గాలిలోకి లేచిన పాదరసం నెలల తరబడి అక్కడే తిరుగుతుంది కాబట్టి దానికి దేశాల బోర్డర్లు ఉండవు. మారిషస్‌లో బంగారు గనే లేదు, అయినా మారిషస్ పక్క సముద్రంలో పట్టిన పెద్ద మార్లిన్ చేపలో పాదరసం ఉంటుంది. ఈ రెండు ఖాతాల్నీ ఒకే టేబుల్‌లో కలిపేసిన రిపోర్టు చూసి మంత్రిగారు "అయితే బల్బులు బ్యాన్ చేస్తే చేపలు బాగైపోతాయా" అని అడుగుతారు, కావు అని చెప్పడానికి మీ దగ్గర పేజీ ఉండదు. అందుకే మొదటి రోజు నుంచీ రెండు ఫైళ్లు పెట్టండి.

స్టెప్ 1: ఉన్న కాగితాలు ముందు బయటికి తీయండి

పాదరసం వాడకం, కాలుష్యం తగ్గించడానికి దేశాలు చేసుకున్న మినమాటా ఒప్పందం 2013 అక్టోబర్‌లో జపాన్‌లోని కుమమోటోలో ఆమోదం పొందింది, 2017 ఆగస్టు 16 నుంచి అమల్లోకి వచ్చింది. మీ దేశం అందులో సభ్యురాలా, ఫోకల్ పాయింట్ (ఒప్పందం పనులు చూసే అధికారి) ఏ మంత్రిత్వ శాఖలో కూర్చున్నారు, ఇంతకుముందు మినమాటా ఇనీషియల్ అసెస్‌మెంట్ (దేశంలో పాదరసం ఎక్కడెంతుందో తీసే మొదటి లెక్క) జరిగిందా అన్నది కనుక్కోండి. చాలా ద్వీపాలకి జీఈఎఫ్ (పర్యావరణ పనులకి డబ్బిచ్చే అంతర్జాతీయ నిధి) డబ్బులతో ఈ అసెస్‌మెంట్ అయిపోయింది, మారిషస్‌కి కూడా అయింది. కరీబియన్‌లో జమైకా, ట్రినిడాడ్ అండ్ టొబాగో, సెయింట్ లూసియా, సెయింట్ కిట్స్ అండ్ నెవిస్ నాలుగూ కలిసి చేయించుకున్నాయి. పాత రిపోర్టు దొరికితే సగం పని తగ్గినట్టే, కానీ అందులో అంకెల్ని యథాతథంగా ఎత్తి రాయకండి, ఎందుకో నాలుగో స్టెప్‌లో చెప్తా.

తర్వాత ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ యూఎన్ఈపీ వాళ్ల మెర్క్యురీ టూల్‌కిట్ డౌన్‌లోడ్ చేసుకోండి. లెవెల్ 1, లెవెల్ 2 అని రెండు ఉంటాయి. లెవెల్ 1 అంటే ఒక ఎక్సెల్ షీట్, మీరు "ఏడాదికి ఎంత బొగ్గు కాల్చారు, ఎన్ని దీపాలు దిగుమతి అయ్యాయి" అని నింపితే అదే లెక్క కట్టేస్తుంది. లెవెల్ 2లో ఫ్యాక్టర్లు మీరే సొంతంగా పెట్టుకోవచ్చు. రెండింటి వెనకా లెక్క ఒకటే, ఎంత వాడారో దాన్ని ఒక్కో యూనిట్‌లో ఎంత పాదరసం ఉంటుందో దానితో గుణించి, వచ్చినదాన్ని గాలికి ఎంత, నీటికి ఎంత, నేలకి ఎంత, చెత్తకి ఎంత అని పంచడం. పది, పన్నెండు లక్షల జనాభా ఉన్న దేశానికి లెవెల్ 1తో మొదలుపెట్టి, పెద్దగా కనిపించిన రెండు మూడు వరసలకి మాత్రం లెవెల్ 2కి వెళ్తే చాలు, అన్నిటికీ లెవెల్ 2 చేస్తామని కూర్చుంటే ప్రాజెక్టు గడువు అయిపోతుంది కానీ పని అవ్వదు.

స్టెప్ 2: కస్టమ్స్ డేటా

ద్వీపానికి ఉన్న పెద్ద లాభం ఇదే. అన్నీ ఓడలోనో విమానంలోనో రావాలి, మారిషస్‌కైతే పోర్ట్ లూయిస్, లేదా ప్లెజాన్స్ ఎయిర్‌పోర్ట్. వెయ్యి కిలోమీటర్ల ల్యాండ్ బోర్డర్ ఉన్న దేశానికి లేని సుఖం ఇది. కస్టమ్స్ వాళ్ల దగ్గర గత ఐదేళ్ల దిగుమతులు ఈ కోడ్లకి (ఒక్కో రకం సరుకుకి కస్టమ్స్ వాడే నంబర్లు) అడగండి: 2805.40 అసలు పాదరసం, 9025.11 ద్రవం ఉన్న థర్మామీటర్లు, 8539.31 ఫ్లోరోసెంట్ దీపాలు, 8506.30 మెర్క్యురిక్ ఆక్సైడ్ బ్యాటరీలు, 2843.90లో అమాల్గమ్‌లు (పళ్ల ఫిల్లింగుకి వాడే లాంటి పాదరసం కలిసిన లోహ మిశ్రమాలు), 3304.99లో చర్మం క్రీములు.

కానీ కోడ్‌ని గుడ్డిగా నమ్మొద్దు. 9025.11లో ఎర్ర ఆల్కహాల్ థర్మామీటర్లు కూడా వస్తాయి, బీపీ మిషన్లేమో 9018.90లో వంద రకాల వైద్య పరికరాల మధ్య కలిసిపోతాయి, క్రీముల కోడ్‌లో 99 శాతం మామూలు క్రీములే. కాబట్టి కోడ్ చూసి దిగుమతిదారుల లిస్ట్ తీసుకుని వాళ్లకి ఫోన్ చేసి, పంపించింది ఏ మోడల్, క్యాటలాగ్ ఉందా అని అడగాలి. చిన్న దేశం కదా, దిగుమతిదారులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉంటారు, ఒక వారం ఫోన్లు చేస్తే అయిపోతుంది. 2805.40లో ఏదైనా కనిపిస్తే మాత్రం వెంటనే ఆరా తీయండి, గనులు లేని దేశానికి సీసాల్లో పాదరసం ఎందుకు వచ్చింది, డెంటిస్టుకా, ల్యాబుకా, లేక మళ్లీ ఇంకో దేశానికి ఎక్కించడానికా.

స్టెప్ 3: నడిచి చూడాల్సిన చోట్లు

ఎక్సెల్ షీట్‌లో కనపడనిది స్టోర్‌రూముల్లో ఉంటుంది. ముందు హాస్పిటళ్లు. జ్వరం చూసే థర్మామీటర్‌లో సుమారు 1 గ్రాము పాదరసం, గోడకి బిగించే బీపీ మిషన్‌లో మాత్రం 80 నుంచి 100 గ్రాములు. సీఎఫ్ఎల్ బల్బులో 5 మిల్లీగ్రాములు, కొత్తవాటిలో ఇంకా తక్కువ. ఇప్పుడు ఊరికే ఒక లెక్క వేసుకోండి, దేశంలో 500 పాత బీపీ మిషన్లు ఉన్నాయనుకుందాం, అంటే 50 కిలోల దాకా. అదే లక్ష సీఎఫ్ఎల్ బల్బులు కలిపితే అర కిలో. అయినా పోస్టర్లన్నీ బల్బుల మీదే వేస్తారు, ఎందుకంటే బల్బు ప్రతి ఇంట్లో ఉంటుంది, ఫోటోకి బాగుంటుంది. మీరు మాత్రం ముందు హాస్పిటల్ స్టోర్‌కి వెళ్లండి. వాడుకలో ఉన్నవి, పాడై మూల పడేసినవి, పగిలినవి వేరువేరుగా రాసుకోండి. నర్సుల్ని అడిగితే నిజం తెలుస్తుంది, పగిలినప్పుడు ఏం చేస్తారు, ఏడాదికి ఎన్ని పగులుతాయి అని.

తర్వాత డెంటిస్టులు. అమాల్గమ్‌లో బరువులో దాదాపు సగం పాదరసమే, ఏడాదికి ఎన్ని క్యాప్సూల్స్ వాడుతున్నారు, కుర్చీ నుంచి వెళ్లే నీటిలోంచి అమాల్గమ్ ముక్కల్ని పట్టే సెపరేటర్ ఉందా అని అడగండి. స్కూల్, కాలేజీ ల్యాబుల్లో బీరువా అడుగున పాదరసం సీసాలు ఉంటాయి, సైన్స్ మాస్టారు రిటైర్ అయ్యాక వాటి సంగతి ఎవరికీ గుర్తుండదు. వాతావరణ కేంద్రంలో పాత బారోమీటర్లు ఉంటాయి. ఇంకోటి చాలామందికి తట్టదు, పాత లైట్‌హౌస్‌లు. వందేళ్ల కిందటి పెద్ద లెన్సు తేలిగ్గా తిరగాలని దాన్ని పాదరసం తొట్టిలో తేలేటట్టు పెట్టేవాళ్లు, ఆ తొట్టి ఇంకా అక్కడే ఉందేమో చూడండి, ఉంటే ఆ ఒక్కచోటే మీ దేశం థర్మామీటర్లన్నిటికన్నా ఎక్కువ ఉండొచ్చు.

చెరుకు దేశం కాబట్టి మారిషస్‌లో, ఫిజీలో ఇంకో ప్రశ్న కూడా వేయాలి. ఒకప్పుడు చెరుకు ముచ్చెలు (విత్తనంగా నాటే గడ ముక్కలు) నాటేముందు కుళ్లు తెగులు రాకుండా అరెటాన్ లాంటి పాదరసం మందు కలిపిన నీళ్లలో ముంచేవాళ్లు, మన వైపు పెద్దవాళ్లు కొందరికి ఆ పేరు ఇప్పటికీ గుర్తుంటుంది. ఇప్పుడు అది లేదు, కానీ పాత ఎస్టేట్ గోడౌన్‌లో డబ్బాలు మిగిలాయా, ముచ్చెలు ముంచిన తొట్టెలు ఎక్కడుండేవి అని ముసలి మేస్త్రీల్ని అడిగితే ఏ మట్టి శాంపిల్ తీయాలో తెలుస్తుంది. ఫ్యాక్టరీ ల్యాబులో మానోమీటర్లు (ఒత్తిడి కొలిచే పాదరసం గొట్టాలు) కూడా చూడండి.

స్టెప్ 4: బొగ్గు, చెత్త, శ్మశానం

మారిషస్‌లో చెరుకు కోసిన నెలల్లో పిప్పి, మిగతా నెలల్లో దక్షిణాఫ్రికా నుంచి తెచ్చిన బొగ్గు కాల్చి కరెంటు తీసే ప్లాంట్లు ఉన్నాయి. టన్ను బొగ్గులో పాదరసం సుమారు 0.1 నుంచి 0.2 గ్రాముల మధ్య ఉంటుంది, అంటే లక్ష టన్నులు కాలిస్తే 10 నుంచి 20 కిలోలు. ఇక్కడ టూల్‌కిట్‌లో ముందే పెట్టి ఉన్న డీఫాల్ట్ అంకె వాడకుండా ప్లాంట్ వాళ్ల దగ్గర కొన్ని షిప్‌మెంట్ల బొగ్గు శాంపిళ్లు తీసుకుని ల్యాబుకి పంపండి, పెద్ద వరస కాబట్టి ఆ ఖర్చు దండగ కాదు. బూడిద ఎక్కడ పోస్తున్నారో కూడా రాసుకోండి, ఫిల్టర్ మంచిదైతే పాదరసంలో కొంత గాలిలోకి పోకుండా బూడిదలో దిగుతుంది, ఆ బూడిద తర్వాత రోడ్డు కిందకో చేలోకో వెళ్తుంది. బొగ్గు వాడని ద్వీపమైతే ఈ పేరా వదిలేయండి, డీజిల్‌లో పాదరసం చాలా తక్కువ.

చెత్త దగ్గర జాగ్రత్త. టూల్‌కిట్‌లో మామూలు చెత్తకి టన్నుకి 5 గ్రాములు అని ఒక డీఫాల్ట్ ఉంటుంది, అది ద్వీపానికి పెడితే చెత్తే దేశంలో నంబర్ వన్ కాలుష్యం అని వచ్చేస్తుంది. పైగా చెత్తలోని పాదరసం అంటే మీరు ఇంతకుముందే లెక్కేసిన బల్బులు, బ్యాటరీలు, థర్మామీటర్లే, మళ్లీ కలిపితే ఒకే పాదరసం రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. పాత అసెస్‌మెంట్ రిపోర్టుల అంకెల్ని నమ్మొద్దన్నది ఇందుకే. నా సలహా ఏంటంటే చెత్తలోకి వెళ్లేది వస్తువుల లెక్క నుంచే తీయండి, డీఫాల్ట్‌తో వచ్చిన అంకెని పక్కన పోలికకి మాత్రమే పెట్టండి. మారిషస్‌కి 1997 నుంచి మార్ షికోజ్ అనే ఒకటే ల్యాండ్‌ఫిల్, అక్కడ ఊరే నీళ్లు, గ్యాస్ టెస్ట్ చేయించడం సులభం. మాల్దీవుల్లో తిలఫుషి లాగా చెత్తని బహిరంగంగా కాల్చిన చోటైతే పద్ధతి వేరు, అక్కడ చుట్టూ మట్టి, లాగూన్ అడుగు బురద చూడాలి.

శ్మశానం కూడా టూల్‌కిట్‌లో ఒక వరసే. మారిషస్‌లో దాదాపు సగం మంది హిందువులు, దహనాలు ఎక్కువ, పళ్లలో వెండి ఫిల్లింగ్ ఉంటే ఆ పాదరసం పొగలో పోతుంది. ఒక్కో దేహానికి 1 నుంచి 4 గ్రాములు అనే అంచనా పళ్లకి బాగా ఫిల్లింగులు వేయించుకున్న దేశాల నుంచి వచ్చింది, మీ దగ్గర పాత తరం వాళ్లు ఫిల్లింగ్ కాకుండా పన్ను పీకించుకునేవాళ్లేమో డెంటిస్టుల్ని అడిగి తగ్గించుకోండి. దీన్ని రిపోర్టులో మర్యాదగా, ఒక్క లైనులో రాయండి, పేపర్‌వాళ్ల చేతిలో పడితే హెడ్డింగ్ అదే అవుతుంది.

స్టెప్ 5: చేప, జుట్టు

అసలు జనం ఒంట్లోకి వచ్చేది ఇక్కడి నుంచే. సముద్రంలో ఆక్సిజన్ తక్కువ ఉన్న పొరల్లో బ్యాక్టీరియా పాదరసాన్ని మిథైల్‌మెర్క్యురీగా మారుస్తాయి, చిన్న చేపని పెద్ద చేప, దాన్ని ఇంకా పెద్ద చేప తినుకుంటూ పోయేకొద్దీ అది చిక్కబడుతుంది. అందుకే కవళ్లు, కానాగర్తల లాంటి చిన్నవాటిలో తక్కువ, స్కిప్‌జాక్ ట్యూనాలో మధ్యస్తం, బిగ్‌ఐ ట్యూనా, కత్తి చేప, మార్లిన్, సొరలో ఎక్కువ.

చేప శాంపిల్ తీసేటప్పుడు మార్కెట్‌కి వెళ్లి కంటికి కనపడింది కొనుక్కురాకండి. ముందు ఇళ్లలో ఏ చేప ఎక్కువ తింటారో అడగండి, మారిషస్‌లో అయితే వియెయ్, కాపితెన్, కోర్డోన్యే, వింధాయ్ వండుకునే ట్యూనా, డబ్బా ట్యూనా, ఉప్పు చేప, అవే తీయాలి. ఒక్కో రకంలో చిన్నవి, మధ్యవి, పెద్దవి కలిపి కనీసం ఒక పది, పదిహేను. ప్రతిదానికీ ముక్కు నుంచి తోక చీలిక దాకా పొడవు, బరువు, ఎక్కడ పట్టారు, ఏ తేదీ రాసుకోండి, పొడవు రాయకపోతే ఆ ఫలితం తర్వాత దేనితోనూ పోల్చలేరు, ఎందుకంటే అదే రకంలో పెద్ద చేపకీ చిన్న చేపకీ చాలా తేడా ఉంటుంది. తల వెనక వీపు కండ నుంచి చర్మం లేకుండా ఒక 30, 50 గ్రాముల ముక్క తీసి, శుభ్రమైన సంచిలో వేసి, లేబుల్ లోపల ఒకటి బయట ఒకటి పెట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. ల్యాబుకి పంపేటప్పుడు ఫలితం తడి బరువు మీద కావాలని రాతపూర్వకంగా అడగండి. ఎండు బరువు మీద ఇస్తే అంకె నాలుగైదు రెట్లు కనిపిస్తుంది, అది చూసి గుండె ఆగినంత పనవుతుంది. పాదరసాన్ని నేరుగా కొలిచే మిషన్ ఉన్న ల్యాబైతే చిన్న ముక్క చాలు, యాసిడ్‌లో కరిగించే పని లేదు. ప్రతి బ్యాచ్‌లో ఒక సర్టిఫైడ్ రిఫరెన్స్ శాంపిల్ (పాదరసం ఎంతుందో ముందే తెలిసిన నమూనా) నడిపారా అని అడగండి, నడపలేదంటే ఆ రిజల్ట్ తీసుకోకండి.

మనుషుల్లో చూడటానికి జుట్టే తేలిక. సూది అక్కర్లేదు, ఐస్ అక్కర్లేదు, కవర్లో పెట్టి పోస్టులో పంపొచ్చు. తల వెనక భాగంలో పెన్సిల్ మందాన కన్నా తక్కువ పాయ పట్టుకుని, మాడుకి దగ్గరగా స్టీల్ కత్తెరతో కోసి, మాడు వైపు కొసని దారంతో కట్టి లేదా కాగితానికి స్టేపుల్ చేసి, ఏది మాడు వైపో బాణం గుర్తు వేయండి. జుట్టు నెలకి ఒక సెంటీమీటరు పెరుగుతుంది, మాడు వైపు 3 సెంటీమీటర్లు తీస్తే పోయిన మూడు నెలలు తిన్న చేపల లెక్క వస్తుంది. ఎవరిని అడగాలంటే గర్భిణులు, పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లు, ఎందుకంటే మిథైల్‌మెర్క్యురీ మాయ దాటి బిడ్డ మెదడుకి చేరుతుంది. ఎథిక్స్ కమిటీ అనుమతి, సంతకం చేసిన ఒప్పుకోలు పత్రం తప్పనిసరి, ఇంకా "మీ రిజల్ట్ మీకు వచ్చి చెప్తాం" అన్నాక చెప్పి తీరాలి. జుట్టుతో పాటు ఒక పేజీ ప్రశ్నలు: వారంలో ఎన్నిసార్లు చేప, ఏ చేప, ఎంత ముక్క, ఫెయిర్‌నెస్ క్రీమ్ వాడతారా, పళ్లలో ఫిల్లింగులు ఉన్నాయా, జుట్టుకి పెర్మింగ్ చేయించారా. క్రీమ్ ప్రశ్న ఎందుకంటే క్రీముల్లోది, థర్మామీటర్ ఆవిరిలోది వేరే రూపం, దానికి మూత్రం పరీక్ష చేయాలి, జుట్టు సరిపోదు, పైగా చేతికంటిన క్రీమ్ జుట్టుకి రాసుకుపోతే తప్పు అంకె వస్తుంది.

స్టెప్ 6: అంకెని ఎలా చదవాలి

ఇక్కడే ఎక్కువ మంది జనాన్ని భయపెట్టేస్తారు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్క ప్రకారం జుట్టులో 1 పీపీఎం (పది లక్షల వంతుల్లో ఒక వంతు) దాటకుండా ఉంటే నిశ్చింత. సీషెల్స్‌లో 1989, 90 ప్రాంతంలో మొదలుపెట్టిన పెద్ద అధ్యయనంలో తల్లుల సగటు దాదాపు 6.8 పీపీఎం, వాళ్లు వారానికి పన్నెండు పూటలు చేప తినేవాళ్లు, ఆ పిల్లల్ని పెద్దయ్యేదాకా పరీక్షించినా పాదరసం వల్ల అని నిలకడగా చెప్పగలిగే నష్టం కనపడలేదు. అదే అట్లాంటిక్‌లో ఫారో దీవుల్లో పైలట్ తిమింగలం మాంసం తినే తల్లుల పిల్లల్లో జ్ఞాపకశక్తి, మాట, శ్రద్ధ పరీక్షల్లో తేడా కనపడింది, చివరికి 2008లో అక్కడి ఆరోగ్యాధికారులు తిమింగలం మాంసం తినొద్దని చెప్పేశారు. సీషెల్స్ వాళ్లది సముద్రపు చేప, రకరకాలది, అందులో బిడ్డ మెదడుకి మేలు చేసే ఒమేగా కొవ్వులు కూడా ఉంటాయి, ఫారో వాళ్లది తిమింగలం. కాబట్టి మీ దగ్గర సగటు 3 వచ్చిందనుకోండి, అది "విషం" అని కాదు, "గమనించి చేప రకం మార్చుకోవాలి" అని రాయండి. ఒకరిద్దరికి 10 దాటితే వాళ్ల ఇంటికి వెళ్లి ఏం తింటున్నారో, ఏం రాసుకుంటున్నారో చూడాలి.

చేపకి లెక్క ఇలా కట్టండి. అంతర్జాతీయ నిపుణుల కమిటీ జెక్ఫా పెట్టిన హద్దు వారానికి కిలో శరీర బరువుకి 1.6 మైక్రోగ్రాములు, 60 కిలోల మనిషికి 96. మీ ల్యాబులో స్కిప్‌జాక్‌కి గ్రాముకి 0.2 మైక్రోగ్రాములు వచ్చిందనుకుందాం, 150 గ్రాముల ముక్కకి 30, అంటే వారానికి మూడు పూటలు ఓకే. మార్లిన్‌కి 1.2 వస్తే ఒక్క ముక్కకే 180, దాదాపు రెండు వారాల కోటా ఒక్క పూటలో. చిన్న చేపకి 0.05 వస్తే వారంలో పన్నెండు పూటలు తిన్నా హద్దులోనే. ఈ టేబుల్ మీ సొంత ల్యాబ్ అంకెలతో చేయండి, ఇంకో దేశం టేబుల్ తెచ్చి అతికిస్తే మీ జాలరే ముందు నవ్వుతాడు.

స్టెప్ 7: తగ్గించడం, డబ్బు తక్కువ పట్టేవి ముందు

మొదటిది కొనుగోలు ఆర్డర్. ఆరోగ్య శాఖ "ఇకపై పాదరసం లేని థర్మామీటర్, బీపీ మిషన్ మాత్రమే" అని టెండర్లో ఒక లైను పెడితే సగం తలనొప్పి పోతుంది. ఒప్పందం ప్రకారం ఇలాంటి పరికరాల తయారీ, ఎగుమతి, దిగుమతికి 2020తోనే గడువు అయిపోయింది. సీఎఫ్ఎల్, ఫ్లోరోసెంట్ ట్యూబుల లాంటి దీపాలకి కూడా రకాన్ని బట్టి 2025 నుంచి 2027 దాకా గడువులకి సభ్యదేశాలు ఒప్పుకున్నాయి. పెద్ద దేశాలు మానేసిన స్టాక్ ఎక్కడికి పంపుతారు? చిన్న దేశాలకి చవగ్గా పంపుతారు, ఒక్కోసారి దానం పేరుతో. హాస్పిటల్‌కి డొనేషన్ పెట్టె వస్తే ముందు తెరిచి చూడమనండి.

రెండోది క్రీములు. మోసం ఎక్కువ ఉన్నది ఇక్కడే. ఒప్పందంలో మొదట 1 పీపీఎం దాటిన క్రీములు వద్దన్నారు, 2023లో ఆ హద్దు కూడా తీసేసి కావాలని పాదరసం కలిపిన ఏ సౌందర్య వస్తువూ 2025 తర్వాత ఉండకూడదన్నారు. అయినా దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, కొన్నిట్లో వేల పీపీఎం. జమైకా, శ్రీలంక, గబాన్ కలిసి వీటి మీద ప్రత్యేకంగా 2023లో ఒక ప్రాజెక్ట్ మొదలుపెట్టాయి. మన కేరళ మలప్పురంలో 2023లో ఇలాంటి క్రీములు వాడినవాళ్లకి కిడ్నీ జబ్బు బయటపడింది కాబట్టి ఇది ఏదో దూరపు సంగతి కాదు. షాపులో ఎలా పట్టుకోవాలంటే లేబుల్ మీద కేలోమెల్, మెర్క్యూరియో, అమోనియేటెడ్ మెర్క్యురీ లాంటి మాటలు, "బంగారం, వెండి నగలకి తగలనివ్వొద్దు" అనే హెచ్చరిక, తయారీదారు అడ్రస్ లేకపోవడం. నగలకి తగలొద్దు అని ముఖం క్రీమ్ మీద ఎందుకు రాస్తారో ఒక్క క్షణం ఆలోచిస్తే చాలు. కస్టమ్స్‌కి చేతిలో పట్టుకునే ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్ (ఎక్స్‌రేతో ఏ లోహాలున్నాయో చెప్పే పరికరం) ఒకటి ఉంటే నిమిషంలో తేలుతుంది, అది ఖరీదే, కానీ బొమ్మల్లో సీసం చూడటానికి కూడా అదే పనికొస్తుంది.

డెంటిస్టుల విషయంలో పదిహేనేళ్లలోపు పిల్లలకి, గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి అమాల్గమ్ వద్దు అన్న నియమం ముందు అమలు చేయించండి. మిగిలినవాళ్లకి కుర్చీ కింద సెపరేటర్, ఐఎస్ఓ 11143 ప్రమాణం ప్రకారం కనీసం 95 శాతం పట్టేది.

ఇక సేకరణ. కొత్త పరికరం ఇస్తూ పాతది వెనక్కి తీసుకోండి, విడిగా "తెచ్చి ఇవ్వండి" అంటే ఎవరూ తేరు. తీసుకున్నవాటిని ఎవరూ పగలగొట్టి పాదరసం బయటికి తీయకూడదు, పరికరం పరికరంగానే గట్టి ప్లాస్టిక్ డ్రమ్ములో, మధ్యలో మెత్త పెట్టి, మూత బిగించి, లేబుల్ వేసి, తాళం ఉన్న చల్లని గదిలో. కొడైకెనాల్‌లో థర్మామీటర్ ఫ్యాక్టరీ పాదరసం అంటిన గాజు పెంకులు స్క్రాప్ కొట్టులో దొరికి 2001లో ఫ్యాక్టరీ మూతపడింది, ఆ నేల బాగుచేత గొడవ ఏళ్ల తరబడి నడిచింది, మీ స్క్రాప్ కొట్లకి కూడా వెళ్లి చెప్పి రండి. మారిషస్‌లో లా షోమియేర్‌లో ప్రమాదకర వ్యర్థాలకి తాత్కాలిక స్టోరేజ్ ఉంది, అలాంటిది లేని ద్వీపంలో ఓడ కంటైనర్‌నే గదిగా మార్చుకుంటారు, ఎండ తగలకుండా పైన షెడ్డు వేయాలి.

చివరికి ద్వీపంలో పాదరసాన్ని పూడ్చే చోటు ఉండదు, బయటికి పంపాలి. ప్రమాదకర వ్యర్థాల్ని ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పంపడంపై ఉన్న బాసెల్ ఒప్పందం ప్రకారం తీసుకునే దేశం, దారిలో ఓడ ఆగే దేశాలు ముందే రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, కాగితాలకే నెలలు పడతాయి కాబట్టి సేకరణ మొదలైన రోజే దరఖాస్తు పెట్టండి. తీసుకునే చోట దాన్ని గంధకంతో కలిపి కరగని గట్టి పదార్థంగా మారుస్తారు, జపాన్‌లో హొక్కైడోలోని ఇటోముకాలో అలాంటి ప్లాంట్ ఉంది. ఒక్క ద్వీపం సరుకు కంటైనర్ నిండదు, కిలోకి ఖర్చు మండిపోతుంది, అందుకే పక్క ద్వీపాలతో కలిసి పంపడం మేలు. జీఈఎఫ్ 2021లో మొదలుపెట్టిన ఐలాండ్స్ ప్రోగ్రామ్‌లో ముప్పైకి పైగా చిన్న ద్వీప దేశాలున్నాయి, మీ దేశం అందులో ఉంటే ఈ ఖర్చు అడగడానికి అదే తలుపు.

ఇంట్లో, వార్డులో థర్మామీటర్ పగిలితే ఏం చేయాలో అర పేజీ అందరికీ పంచండి: పిల్లల్ని బయటికి పంపి కిటికీలు తెరవాలి, చీపురు, వాక్యూమ్ క్లీనర్ అస్సలు వద్దు, నగలు తీసేసి గ్లౌజు వేసుకుని అట్టముక్కతో బొట్లని ఒకచోటికి నెట్టి డ్రాపర్‌తో తీసి మూత ఉన్న సీసాలో పెట్టాలి, సన్నవాటిని టేపుతో అద్దాలి, సింకులో పారబోయకూడదు.

స్టెప్ 8: జనానికి చేప గురించి చెప్పడం

ఇది అన్నిటికన్నా సున్నితం. "చేపలో పాదరసం" అని పోస్టర్ వేస్తే ఆడవాళ్లు చేప మానేసి డబ్బా సాసేజీలకి, కోడికి మారతారు, షుగర్ ఇప్పటికే ఎక్కువ ఉన్న ద్వీపాల్లో అది ఇంకో కష్టం, పైగా జాలర్ల పొట్ట మీద కొట్టినట్టు. అందుకే ఏది తినొద్దో కాకుండా ఏది తినాలో ముందు చెప్పండి: కడుపుతో ఉన్నవాళ్లు చిన్న చేపలు, లాగూన్ చేపలు, డబ్బా ట్యూనాలో స్కిప్‌జాక్ వారంలో రెండు మూడుసార్లు హాయిగా తినొచ్చు, మార్లిన్, కత్తి చేప, సొర మాత్రం ఆ నెలల్లో పక్కన పెట్టండి. ఇది గర్భిణుల్ని చూసే యాంటీనేటల్ క్లినిక్‌లో నర్సు నోటితో, జనం మాట్లాడే క్రియోల్ భాషలో, చేప బొమ్మలతో ఉండాలి, మైక్రోగ్రాములు ఎక్కడా రాయకండి. అచ్చు వేసేముందు జాలర్ల సంఘాన్ని కూర్చోబెట్టి చూపించండి, వాళ్లు ఊళ్లో పిలిచే పేర్లు వేరేగా ఉంటాయి, పుస్తకంలో పేరు వేస్తే ఏ చేపో ఎవరికీ తెలీదు.

తర్వాత రెండు మూడేళ్లకి మళ్లీ జుట్టు తీయండి, అదే నెలల్లో, అదే క్లినిక్‌లలో, అదే 3 సెంటీమీటర్లు, వీలైతే అదే ల్యాబ్. సముద్రంలో పాదరసం అంత త్వరగా తగ్గదు కాబట్టి చేప అంకెలు మారకపోవచ్చు, అయినా తల్లుల జుట్టులో అంకె తగ్గిందంటే రకం మార్చుకున్నారని అర్థం. అది కూడా తగ్గలేదంటే పోస్టర్ మార్చాలి. మొదటిసారి మిగిలిన చేప ముక్కలు ఫ్రీజర్‌లో లేబుల్‌తో ఉంచితే రెండోసారి బ్యాచ్‌తో పాటు మళ్లీ నడిపి చూసుకోవచ్చు, కాకపోతే తుఫాను రోజుల్లో కరెంటు పోతుంది, ఆ ఫ్రీజర్‌కి జనరేటర్ లైను ఇప్పించుకోండి.